స్కూలు పిల్లల భోజనానికి కేటరింగ్ వాళ్లను ఎలా ఎంచుకోవాలి?

విజయనగరం, శ్రీకాకుళం వైపు ప్రైవేటు స్కూలు నడుపుతూ, మధ్యాహ్న భోజనం బయటివాళ్లకు అప్పగించాలనుకుంటే రేటు సంగతి చివర్లో మాట్లాడండి. పెళ్లిళ్లలో పేరున్నవాళ్లు స్కూలుకీ సరిపోతారని అనుకోకండి. పెళ్లి ఒక్క పూట, ఇది ఏడాది పొడుగునా.

ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ అడగండి. అందులో 14 అంకెల నంబరు ఉంటుంది, దాన్ని ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో కొట్టి అది ఇంకా చెల్లుతోందా, అడ్రసు ఎక్కడిదో చూడండి. లైసెన్స్ ఒక హోటల్ మీద ఉండి వంట ఇంకో షెడ్డులో జరుగుతుంటే ఆ కాగితం మీకు పనికిరాదు. బయటివాళ్లతో వండించినా వాళ్లకు లైసెన్స్ ఉందో లేదో చూసుకోవాల్సింది స్కూలేనని స్కూలు భోజనాలపై ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి.

తర్వాత వంట జరిగే టైముకి, చెప్పకుండా వెళ్లండి. ఈ ఒక్క పనీ మానకండి. నీళ్ల ట్యాంకు మూత తీయించి లోపల చూడండి, చేతులు కడిగే చోట సబ్బుందా, బియ్యం బస్తాలు నేలకి ఆనించి పెట్టారా, నిన్నటి నూనె నల్లగా మూలన ఉందా చూడండి.

అన్నింటికన్నా ముఖ్యం, అన్నం ఎన్నింటికి దింపుతారు, పిల్లల ముందుకు ఎన్నింటికి వస్తుంది? రాజాంలో పొద్దున్నే వండేసి బొబ్బిలి స్కూలుకి ఆటోలో పంపితే, గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వడ్డించేదాకా 60 డిగ్రీలకి తగ్గకూడదు. ఒక థర్మామీటర్ కొనుక్కోండి, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ఒక వారం ట్రయల్ పెట్టండి. మొదటి వరసకి చిక్కగా పడిన పప్పు చివరి వరసకి వచ్చేసరికి నీళ్లగా మారిందంటే, మధ్యలో గుండిగలో వేన్నీళ్లు కలిపి ఉంటారు, వెంటనే అడగండి. ప్రభుత్వ మధ్యాహ్న భోజన పథకం లెక్కలో పప్పు (వండకముందు తూకం) 1–5 తరగతులకు రోజుకి తలకి 20 గ్రాములు, 6–8కి 30 గ్రాములు. దానికి తగ్గకుండా ఒప్పందంలో రాయించండి.

రోజూ పిల్లలకంటే ముందు ఒక టీచరు తిని చూడాలి, బాగోకపోతే వెనక్కి పంపే హక్కు మీకుండాలి, ఇవీ రాయించండి. అప్పుడు రేటు మాట్లాడండి, మిగతావాళ్లకన్నా బాగా తక్కువ చెబితే పప్పు, నూనె ఎక్కడివో బిల్లులు చూపించమనండి.