హైవే అలైన్‌మెంట్‌పై, అంటే రోడ్డు వెళ్లే దారిపై, అభ్యంతరం ఎలా వేయాలి?

సర్వే రాళ్లు పాతిన రోజు రాత్రే, భోజనాలయ్యాక, ఊరంతా రామాలయం అరుగు మీద కూర్చోండి. పార్టీ జెండాలు వద్దు. పాస్‌బుక్, 1బి (భూమి ఎవరిదో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) జిరాక్సులు, ఎఫ్‌ఎంబి స్కెచ్ (పొలం కొలతల పటం) ఇంటికో కవరులో పెట్టించండి. ఇది రెండు రోజుల పని.

అసలు పని అభ్యంతరం వేయడం. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద 3ఎ నోటిఫికేషన్, అంటే మీ భూమి రోడ్డుకు తీసుకుంటామన్న కేంద్రం ప్రకటన, వచ్చాక 21 రోజులే గడువు. పేపర్లో చూసిన రోజు నుంచి కాదు, గెజెట్ తేదీ నుంచి లెక్కేసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం కదా అని చాలామంది ఊరుకుంటారు. అర్జీ ఇవ్వండి, కాదనను. కానీ చట్టం అడిగే అభ్యంతరం నోటిఫికేషన్‌లో చెప్పిన భూసేకరణ అధికారికే, రాతపూర్వకంగా చేరాలి. సీలు, తేదీ వేసిన నకలు చేతికి రాకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.

ఊరందరి సంతకాలతో ఒకే కాగితం మాత్రం ఇవ్వకండి. కావలి పక్కన మా ఊళ్లో అలాగే ఇచ్చాం. విచారణలో "ఏ సర్వే నంబరు?" అని అడిగితే నలుగురే ముందుకొచ్చారు. ఎవరి కాగితం వాళ్లదే, వాళ్ల సర్వే నంబరుతో ఉండాలి. "మాకు రోడ్డు వద్దు" అంటే అది కారణం కాదు. "రోడ్డు కట్ట చెరువులోకి నీళ్లొచ్చే కాలువకు అడ్డం పడుతుంది, ఆయకట్టులో మా వరి ఎండిపోతుంది" అంటే కారణం. అలైన్‌మెంట్ ఎటు జరిపితే ఇళ్లు మిగులుతాయో స్కెచ్ మీద ఎర్రసిరాతో గీసి చూపండి. అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు, తూములు ఎక్కడ కావాలో కూడా అందులోనే రాయండి. మా వాదన వినాలని చివర్లో అడగండి. స్వయంగా గానీ లాయర్ ద్వారా గానీ చెప్పుకునే హక్కు చట్టమే ఇచ్చింది.

కుర్రాళ్లు రాస్తారోకో అంటారు. 16వ నంబరు హైవే మీద కూర్చుంటే పేపర్లో ఫొటో వస్తుంది, వాళ్ల మీద కేసులు పడతాయి, ఫైలు మాత్రం కదలదు. ఆ 21 రోజుల్లో దానికి ఒక్క పూట కూడా ఇవ్వకండి. అభ్యంతరాల తర్వాత వచ్చే 3డి ప్రకటన వెలువడితే భూమి కేంద్రానిదైపోతుంది, ఇక మాట్లాడేదంతా పరిహారం గురించే.

అభ్యంతరం తోసిపుచ్చితే ఆ ఉత్తర్వు నకలు వెంటనే తీసుకోండి. హైకోర్టుకు వెళ్తే లాయరు మొదట అడిగేది దాన్నే.