పాత బీఎంఎక్స్ భాగాల అసలు పూతను కాపాడుకోవడం – 3వ పాఠం: క్రోమ్ హ్యాండిల్‌బార్

గత రెండు పాఠాలలో బీఎంఎక్స్‌ను, అంటే మట్టి ట్రాకు పందేలకు వాడే చిన్న చక్రాల సైకిలును విప్పడం, విప్పిన ప్రతి భాగానికీ ఫొటో తీసి చీటీ కట్టి పెట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి 1980ల నాటి క్రోమ్ పూత గల ఉక్కు హ్యాండిల్‌బార్‌ను తీసుకుందాం. తుప్పు చుక్కలు కనబడగానే కొత్తగా క్రోమ్ చేయించాలని చాలామందికి అనిపిస్తుంది. అయితే కొత్త పూతకు ముందు పాతదాన్ని తొలగించి, లోహాన్ని చక్రం మీద సాన పట్టక తప్పదు. ఆ సానలో స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను సైకిలుకు బిగించే భాగం) పట్టుకునే చోట ఉండే సన్నని గరుకు గీతలూ, అచ్చుగుద్దిన అక్షరాల అంచులూ అరిగిపోతాయి. అందుకే, పూత పొరలుగా ఊడి ఉక్కు బయటపడితే తప్ప, నేను ఆ దారి పట్టను.

మనం క్రోమ్ అని పిలిచేది నిజానికి ఎక్కువగా నికెల్. ఉక్కు మీద నికెల్ మందంగా పడుతుంది. దాని మీద క్రోమియం సాధారణంగా అర మైక్రానుకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించదు. క్రోమియం తుప్పు పట్టదు. పైపొరలలోని కంటికి ఆనని రంధ్రాల గుండా తేమ లోపలికి చేరి, అడుగునున్న ఉక్కును తినగా పుట్టిన తుప్పు పైకి ఉబికి వస్తుంది. కాబట్టి మన పని పైకి వచ్చిన తుప్పును తీయడం వరకే. పూతను తోమి మెరిపించడం కాదు.

ముందుగా పూత ఏదో తేల్చుకోండి. పగటి వెలుతురులో క్రోమ్ కాస్త నీలివన్నెతోనూ, ఒట్టి నికెల్ మలాము లేత పసుపు ఛాయతోనూ కనిపిస్తాయి. నికెల్ మెత్తన కనుక దానికి నూనె, మెత్తటి గుడ్డ చాలు.

క్రోమ్ అని తేలితే పలుచని నూనె రాసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు అల్యూమినియం రేకును ఉండగా నలిపి, నీటిలో ముంచి, ఒత్తిడి లేకుండా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన కావడంతో గీతలు పడే అవకాశం తక్కువ. కానీ ఊడిన తుప్పు రజను ఇసుకలా గీస్తుంది కనుక రేకును తరచుగా మార్చాలి. తేలికపాటి మచ్చలకు ఇంతకు మించి అక్కరలేదు.

మొండి తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. లీటరు నీటికి సుమారు 10 గ్రాములు కలిపి, భాగాన్ని అందులో నానబెట్టి, అరగంటకొకసారి బయటికి తీసి చూడాలి. ఇది విషం, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా తాకకూడదు, పొడిని పీల్చకూడదు, ద్రావణాన్ని పొయ్యి మీద వేడి చేయకూడదు. నేను ఒకసారి తొందరేముందని రాత్రంతా నానబెట్టి, తెల్లవారి చూస్తే కడ్డీ అంతా పసుపు పొడి పట్టి ఉంది; అది ఇనుము ఆక్సలేటు, దాన్ని వదిలించడానికి తుప్పు కంటే ఎక్కువ శ్రమ పడ్డాను. రంగు వేసిన అల్యూమినియం భాగాలనూ, స్టిక్కర్లు ఉన్నవాటినీ ఈ తొట్టిలోకి రానివ్వకండి. బాత్రూము కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి అసలే వెళ్లవద్దు, అది క్రోమియాన్నే కరిగిస్తుంది.

బీఎంఎక్స్ హ్యాండిల్‌బార్‌లో ఎక్కువమంది మరచిపోయేది అడ్డకడ్డీ, అంటే బార్ రెండు వైపులనూ కలిపే కడ్డీ. అది అతికిన చోట చాలా బార్లకు చిన్న గాలిరంధ్రాలుంటాయి. ద్రావణం వాటిగుండా లోపల చేరి నిలిచిపోతే, బయట మెరుస్తున్న బార్ లోపలినుంచి కుళ్లుతుంది. మంచినీటితో, తరువాత వంటసోడా నీటితో, మళ్లీ మంచినీటితో లోపలా బయటా కడిగి, రంధ్రాలు కిందికి వచ్చేలా వేలాడదీసి, వేడిగాలితో ఆరబెట్టి, లోపల నూనె పోయండి. పైన మైనం పలుచగా పట్టిస్తే పూతలోని కంటికి ఆనని రంధ్రాలు మూసుకుని తేమ ఆగుతుంది. తుప్పు పోయిన చోట సన్నని నల్లచుక్కలు మిగులుతాయి. అక్కడ లోహమే పోయింది, వాటిని అలాగే వదిలేయండి.

అభ్యాసానికి ముందుగా సీటు బిగించే పాత క్లాంపు ఒకటి తీసుకుని, సగభాగానికి కాగితపు టేపు చుట్టి, మిగతా సగాన్ని మాత్రమే రేకుతో శుభ్రం చేసి రెండింటినీ పోల్చి చూడండి. వచ్చే పాఠంలో నీలం, ఎరుపు, బంగారు వన్నెల అనోడైజ్డ్ (విద్యుత్తుతో పైపొరను గట్టిపరచి రంగు ఎక్కించిన అల్యూమినియం) రిమ్ములు.