డెట్రాయిట్ శివార్లలో చిన్న పాత ఇల్లు: కొనే ముందు ఏమేం చూడాలి

మిషిగన్ వచ్చి ఒకటి రెండేళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉన్నాక, అద్దె పెరిగిన ప్రతిసారీ ఇంట్లో సొంతిల్లు మాట వస్తుంది. అందరి చూపూ ముందు నోవై, కాంటన్, ట్రాయ్ వైపే పోతుంది. గుడి దగ్గర, మనవాళ్లు దగ్గర, స్కూళ్లు మంచివి. అక్కడి కొత్త ఇళ్ల ధరలు చూశాక చాలామంది ‘ఇంకొన్నాళ్లు ఆగుదాంలే’ అనుకుని అద్దెలోనే ఉండిపోతారు. లివోనియా, వెస్ట్‌ల్యాండ్, మాడిసన్ హైట్స్ లాంటి ఊళ్లలో 1950ల్లో కట్టిన చిన్న ఇటుక ఇళ్లు వీధుల నిండా ఉన్నాయి. వాటిని ఒకసారి తీరిగ్గా చూడమని నా సలహా.

ఇక్కడ వీటిని రాంచ్ ఇళ్లంటారు. వెయ్యి చదరపు అడుగులు అటూ ఇటూ, మూడు చిన్న బెడ్‌రూమ్‌లు, ఒకటో ఒకటిన్నరో బాత్రూమ్, కింద బేస్‌మెంట్. మెట్లెక్కే పని లేదు కాబట్టి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల మోకాళ్లకు హాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి మహా అయితే 60 రోజుల గడువే ఉంటుంది. ఒక్కరి జీతంతో కట్టగలిగే కిస్తీ అయితే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

డెబ్బై ఏళ్ల ఇల్లంటే భయపడక్కర్లేదు. భయపడాల్సింది నిన్నగాక మొన్న హడావిడిగా ముస్తాబు చేసిన ఇంటికి. తక్కువకు కొని, గోడలకు బూడిద రంగేసి, నేల మీద ప్లాస్టిక్ పలకలు పరిచి, నాలుగు నెలల్లో అమ్మేసే వ్యాపారం ఇక్కడ బాగా నడుస్తుంది. ఫొటోల్లో అవే మెరుస్తాయి. గులాబి రంగు బాత్రూమ్ టైల్సూ, పాత కార్పెట్టూ ఉన్నా, ముప్పై ఏళ్లుగా ఒకే కుటుంబం ఉంటూ ఎప్పటికప్పుడు బాగు చేయించుకున్న ఇల్లే నాకు నయమనిపిస్తుంది. కార్పెట్ ఎప్పుడైనా తీసేయొచ్చు, తరచుగా దాని కింద మంచి ఓక్ చెక్క నేల ఉంటుంది. పునాది మార్చాలంటే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు బేస్‌మెంట్‌లోకి దిగండి. మెట్లు దిగుతుండగా ముక్కుకు తగిలే వాసనే మొదటి పరీక్ష. సువాసన కొవ్వొత్తులు ఎక్కువగా వెలుగుతుంటే ఇంకాస్త అనుమానంగా చూడండి. సిమెంటు బ్లాకుల గోడ మీద తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే బయటి నీరు లోపలికి ఊరుతోందని అర్థం. నిలువుగా సన్నటి చీలిక ఉంటే సాధారణంగా పెద్ద గండం కాదు, పూడ్చుకోవచ్చు. గోడ మధ్యలో అడ్డంగా చీలిక పాకి, గోడ లోపలికి కొంచెం ఉబ్బినట్టుంటే, మట్టి బయటినుంచి గోడను నెడుతోందన్న మాట. అలాంటప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసేదాకా సంతకం పెట్టొద్దు. బేస్‌మెంట్ గోడలన్నీ కొత్త ప్లాస్టర్‌బోర్డుతో కప్పేసి ఉంటే ఇవేవీ కనపడవు. అప్పుడు ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఉన్న మూలకు వెళ్లండి. సాధారణంగా అక్కడ గోడ బోసిగానే వదిలేస్తారు.

2014 ఆగస్టులోనూ, 2021 జూన్‌లోనూ కురిసిన కుండపోత వానలకు ఈ ప్రాంతంలో వేల బేస్‌మెంట్లు మునిగాయి. కాబట్టి ‘ఎప్పుడైనా నీళ్లొచ్చాయా’ అని మొహమాటం లేకుండా అడగండి. మిషిగన్‌లో అమ్మేవాళ్లు తమకు తెలిసిన లోపాలను రాసివ్వాలని చట్టం ఉంది. ఆ పత్రాన్ని ఏజెంట్ దగ్గర తీసుకుని ప్రతి గడీ చదవండి. మురుగునీరు వెనక్కి తన్నితే జరిగే నష్టం మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో రాదు, విడిగా చేర్పించుకోవాలి.

వాకిట్లో పెద్ద మేపుల్ చెట్టుంటే ఎండాకాలం నీడ బాగుంటుంది. దాని వేర్లు మాత్రం తడి వెతుక్కుంటూ మురుగు గొట్టంలోకి దూరతాయి. ఆ కాలపు గొట్టాలు చాలావరకు కాల్చిన మట్టివి, అతుకుల దగ్గర సందులుంటాయి. ఇంటి నుంచి వీధి గొట్టం దాకా ఉన్న ఆ భాగం బాధ్యత చాలా ఊళ్లలో ఇంటి యజమానిదే. కొనే ముందు చేయించే మామూలు ఇన్‌స్పెక్షన్‌లో దీన్ని చూడరు. కొన్ని వందల డాలర్లిస్తే కెమెరా పంపి లోపలంతా వీడియో తీసిస్తారు. పాత ఇంటికి ఈ ఖర్చు దగ్గర లోభం వద్దు.

నీళ్ల గొట్టాలకు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్తే చాలు. బేస్‌మెంట్‌లో మీటర్ దగ్గర, వీధి నుంచి లోపలికొచ్చే గొట్టాన్ని తాళంచెవితో కొద్దిగా గీకండి. రాగి రంగు కనిపిస్తే మంచిదే. అయస్కాంతం అంటుకుంటే అది గాల్వనైజ్డ్ ఇనుము, లోపల తుప్పు పట్టి సన్నబడి ఉండొచ్చు. వెండిలా మెరిసి, మెత్తగా ఉండి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసం. ఫ్లింట్ ఊళ్లో తాగే నీళ్లలో సీసం కలిసిన విషాదం తర్వాత 2018లో మిషిగన్ కఠినమైన నిబంధన తెచ్చింది, నీటి సరఫరా సంస్థలే ఈ సీసపు గొట్టాలను మార్చాలి. కానీ దశలవారీగా జరిగే పని కాబట్టి, మీ వీధి వంతు ఎప్పుడో ఊరి నీటి విభాగంలో కనుక్కోండి. తర్వాత షవర్ తిప్పి, అదే సమయంలో ఫ్లష్ చేసి నీటి ధార ఎంత తగ్గుతుందో చూడండి.

సీసం రంగుల్లోనూ ఉంటుంది. ఇళ్లలో సీసపు రంగు వాడకాన్ని 1978లో నిషేధించారు, అంతకు ముందు కట్టిన ప్రతి ఇంట్లోనూ ఉందనే అనుకోవాలి. గోడ మీద పొరల కింద కదలకుండా ఉన్నంతవరకు ఫర్వాలేదు. పాత చెక్క కిటికీని పైకీ కిందకీ జరిపే చోట రంగు అరిగి సన్నటి దుమ్ము రాలుతుంది, పాకే పిల్లల చేతులు సరిగ్గా అక్కడికే పోతాయి. దీన్ని పరీక్ష చేయించుకోడానికి కొనేవాళ్లకు 10 రోజుల గడువు ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ హక్కు వదులుకోకండి. నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్‌కు పరీక్ష కూడా చేయించండి, లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే ఫ్యాన్‌తో బయటికి పంపే ఏర్పాటు కావాలి.

ఇక వంటిల్లు. మన పోపులకూ వేపుళ్లకూ పొగ బయటికి పోవాలి. ఈ ఇళ్లలో పొయ్యి మీది ఫ్యాన్ చాలాసార్లు గాలిని పీల్చి మళ్లీ గదిలోకే వదులుతుంది. పొయ్యి బయటి గోడను ఆనుకుని ఉంటే గొట్టం పెట్టించడం తేలిక, ఇంటి మధ్యలో ఉంటే కష్టం. కరెంటు సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. మొత్తం వంటింటికి ఒకటి రెండు లైన్లే ఉంటే గ్రైండరూ మైక్రోవేవూ ఒకేసారి వేయగానే బ్రేకర్ పడిపోతుంది. ప్లగ్గులకు రెండే రంధ్రాలుంటే ఎర్త్ లేదన్న మాట. ప్యానెల్ 100 ఆంపియర్లకు తక్కువైతే మార్చాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. వాస్తు పట్టింపు ఉంటే మీ షరతులేమిటో ఇళ్లు చూడ్డం మొదలుపెట్టకముందే ఇంట్లో తేల్చుకోండి. ఆఫర్ ఒప్పుకున్నాక ఊరి నుంచి పెద్దాయన ఫోన్ చేసి నైరుతి గురించి అడిగితే అందరికీ మనస్తాపమే.

మన కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇంటి పన్ను దగ్గర. 1994 నుంచి మిషిగన్‌లో ఒకే యజమాని చేతిలో ఉన్నంతకాలం పన్ను లెక్కించే విలువ ఏడాదికి ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది ఆ పరిమితి తొలగి, విలువ మార్కెట్ ధరలో సగానికి చేరుతుంది. ఉదాహరణకు ఇల్లు 2,40,000 డాలర్లు, పాత యజమాని పన్ను విలువ 70,000, పన్ను వెయ్యికి 40 డాలర్లు అనుకుందాం. ఆయన కట్టేది 2,800. మీకు విలువ దాదాపు 1,20,000 అవుతుంది, అంటే 4,800. కిస్తీతో పాటే పన్ను కూడా వసూలు చేసే బ్యాంకు మొదటి ఏడాది పాత పన్ను లెక్కనే కట్టిస్తే, రెండో ఏడాది లోటుతో కలిపి కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. లిస్టింగులో కనిపించే పన్ను నమ్మకండి. రాష్ట్ర ట్రెజరీ వెబ్‌సైట్‌లో పన్ను అంచనా వేసుకునే పరికరం ఉంది, అందులో మీ కొనుగోలు ధరలో సగం వేసి చూడండి.

అప్పు విషయంలో ఒక మార్పు గమనించండి. ప్రభుత్వ పూచీతో, తక్కువ డౌన్‌పేమెంట్‌తో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ 2025 మే 25 నుంచి హెచ్-1బీ లాంటి వీసాల వాళ్లకు లేదు. ఆ పూచీ లేని మామూలు బ్యాంకు అప్పులు, అంటే కన్వెన్షనల్ లోన్లు మాత్రం ఉన్నాయి. డౌన్‌పేమెంట్ 20 శాతం కంటే తక్కువ కడితే పీఎంఐ, అంటే అప్పిచ్చినవాళ్ల రక్షణకు మీరు కట్టే ఇన్సూరెన్స్, పడుతుంది, బాకీ ఇంటి తొలి విలువలో 80 శాతానికి దిగాక తీసేయమని రాతపూర్వకంగా అడగొచ్చు. డౌన్‌పేమెంట్ కోసం చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టకండి. రూఫ్, ఫర్నేస్, వాటర్ హీటర్ వీటి వయసు రాసుకోండి. వాటర్ హీటర్‌కు పదేళ్లు, ఫర్నేస్‌కు పదిహేనేళ్లు దాటితే త్వరలోనే వంతు వస్తుందని ఆ డబ్బు పక్కన ఉంచండి.

పోటీ ఎక్కువగా ఉన్న వారం ‘ఇన్‌స్పెక్షన్ వదిలేయండి, ఆఫర్ గెలుస్తుంది’ అనే ఏజెంట్లు ఉంటారు. కొత్త ఇంటి సంగతేమో గానీ ఇలాంటి ఇంటికి ఆ మాట వినొద్దు. కావాలంటే గడువు ఐదు రోజులకు కుదించండి, చిన్నా చితకా రిపేర్లు అడగబోమని రాసివ్వండి, కానీ చూసే హక్కు మాత్రం ఉంచుకోండి. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు సెలవు పెట్టి ఆయన వెంటే తిరగండి. రిపోర్టులో రాయనివి ఆయన నోటి వెంట వస్తాయి.

తాళాలు చేతికొచ్చాక రెండు కాగితాలు మర్చిపోవద్దు. ఇల్లు చేతులు మారిందని చెప్పే ప్రాపర్టీ ట్రాన్స్‌ఫర్ అఫిడవిట్ 45 రోజుల్లోపు, పన్ను విలువ కట్టే ఊరి అసెసర్‌కు ఇవ్వాలి. సొంతానికి ఉంటున్నామని చెప్పే ప్రిన్సిపల్ రెసిడెన్స్ ఎగ్జెంప్షన్ ఫారం వేసవి పన్నుకు జూన్ 1 లోపు, చలికాలం పన్నుకు నవంబర్ 1 లోపు అందాలి. అది ఇవ్వకపోతే స్కూళ్ల కోసం వేసే పన్ను వెయ్యికి 18 డాలర్ల దాకా అదనంగా పడుతుంది. ఇల్లు మీ పేరిట మారే సంతకాల (క్లోజింగ్) టేబుల్ దగ్గరే రెండూ నింపి, ఎవరు పంపుతారో ఆ పని జరిపించే టైటిల్ కంపెనీవాళ్లను అడిగి, కాపీలు దగ్గర పెట్టుకోండి.