బెంగాలీ కూరకు ఏ మసాలా పొడి? రుచి తప్పినప్పుడు చూసుకోవలసినవి

కోల్‌కతా హోటల్లో తిన్న కొషా మాంగ్షో (మసాలాలో బాగా వేపి వండే బెంగాలీ మటన్ కూర) రుచి ఇంట్లో రావాలని చాలామంది ముందుగా ‘బెంగాలీ కర్రీ పౌడర్’ ప్యాకెట్టు కోసం వెతుకుతారు. ఆ రుచి ఒక్క పొడిలో ఇమిడేది కాదు. అక్కడి మాంసం కూరలో మసాలా మూడు విడతలుగా పడుతుంది: మొదట వేడి నూనెలో బిరియానీ ఆకు వంటి దినుసులు, మధ్యలో ఉల్లిపాయతో వేగే జీలకర్ర, ధనియాల ముద్ద, దించే ముందు గరం మసాలా. కూర తేడాగా వస్తే ఏ విడతలో తప్పిందో పట్టుకోవాలి.

సమస్య: కూర బాగుంది, కానీ మన ఆదివారం కోడికూరలాగే ఉంది

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కారణం మన ఇంట్లోని మసాలా పొడి. మన మాంసం మసాలాల్లో ధనియాలదే పైచేయి. వాటికి ఎండుకొబ్బరి, గసగసాలు, అనాసపువ్వు, మరాఠీ మొగ్గ తోడవుతాయి. కొషా మాంగ్షోలో జీలకర్ర, అల్లం ముందుంటాయి. కొబ్బరి, కరివేపాకు ఉండవు.

ప్యాకెట్టు కొనేటప్పుడు వెనుక ఉన్న పదార్థాల పట్టిక చదవండి. ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాయాలన్నది మన దేశంలో లేబుళ్ల నియమం. మొదటి రెండు మూడు పేర్లలో ఉప్పు ఉంటే దాన్ని అక్కడే పెట్టేయండి. అనాసపువ్వు, కొబ్బరి కనిపిస్తే అది మంచి పొడే కావచ్చు, ఈ కూరకు మాత్రం పనికిరాదు. సన్‌రైజ్, కుక్‌మీ వంటి కోల్‌కతా బ్రాండ్లు దొరికినా, కలిపిన మసాలా కంటే విడి పొడులు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. అరకిలో మటన్‌కు రెండు చెంచాల జీలకర్ర పొడి, ఒక చెంచా ధనియాల పొడి, రెండు చెంచాల కాశ్మీరీ కారం, అర చెంచా పసుపు సరిపోతాయి. అల్లం ముద్ద ధారాళంగా వేయండి. నూనె ఆవనూనే కావాలి. పొద్దుతిరుగుడు నూనెతో వండి, ఆ లోటును పొడితో పూడ్చాలంటే కుదరదు.

సమస్య: ఎంత పొడి వేసినా పచ్చివాసన పోలేదు

పొడి తక్కువైందనుకుని ఇంకో చెంచా వేస్తారు, వాసన మరింత పెరుగుతుంది. లోపం పొడిలో లేదు, వేపడంలో ఉంది. పొడి నేరుగా కాగే నూనెలో పడితే మాడుతుంది, నీళ్లు ఎక్కువున్న గ్రేవీలో పడితే అసలు వేగదు. పొడులన్నిటినీ కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ఎర్రగా వేగిన ఉల్లిపాయలో వేసి, సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. అడుగంటబోతుంటే రెండు చెంచాల వేడినీళ్లు చల్లండి. నూనె అంచుల్లో తేలాక మాంసం వేసి, మళ్లీ అలాగే చాలాసేపు వేపాలి. హోటల్ రుచి పుట్టేది ఇక్కడే. మసాలా వేగకుండానే కుక్కర్ మూత పెడితే ముక్క మెత్తబడుతుంది, ఆ చిక్కదనం మాత్రం రాదు.

సమస్య: చేదు

కూరగాయల కూరలోనో పప్పులోనో అయితే ముందుగా పాంచ్ ఫోరన్‌ను (ఐదు రకాల తాలింపు గింజల మిశ్రమాన్ని) అనుమానించండి. అందులో జీలకర్ర, సోంపు, నల్లజీలకర్ర, మెంతులు, ఆవాలు ఉంటాయి (బెంగాల్‌లో ఆవాలకు బదులు చాలామంది రాధుని అనే గింజ వేస్తారు). మెంతులు నల్లబడితే చేదే. గింజలు చిటపటలాడగానే కూరగాయలు వేసేయాలి. దీన్ని పొడి చేయకండి, గింజలుగానే వాడాలి.

చేపల కూరలో అయితే ఆవపిండి ముద్ద కారణం. మన గోదావరి పులస, వాళ్ల ఇలిష్ ఒకే చేప. ఇంత ఖరీదు పెట్టి కొన్నది చేదుకు బలికాకూడదు. ఆవాలు నానబెట్టి, ఉప్పు, పచ్చిమిర్చి చేర్చి కొద్దిసేపే రుబ్బండి, తర్వాత ఎక్కువసేపు మరిగించకండి. నల్లావాల కంటే పసుపురంగు ఆవాలకు చేదు తక్కువ. ఈ కూరలో కర్రీ పౌడర్‌కు, గరం మసాలాకు చోటే లేదు.

సమస్య: ఆవనూనె ఘాటు ముక్కుకు కొడుతోంది

నూనె సరిగా కాగలేదు. సన్నగా పొగ లేచి రంగు తేలికపడేదాకా కాచి, మంట తగ్గించాక దినుసులు వేయండి.

సమస్య: రంగు పాలిపోయింది

కారం పెంచకండి. వేడి నూనెలో అర చెంచా పంచదార వేసి, ఎర్రగా కరిగాక ఉల్లిపాయ వేయండి.

సమస్య: దించాక సువాసన లేదు

గరం మసాలా పాతదై ఉండాలి, లేదా ముందే వేసి మరిగించి ఉండాలి. బెంగాలీ గరం మసాలాకు యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క చాలు. నాలుగైదు యాలకులు, నాలుగు లవంగాలు, రెండంగుళాల చెక్క ఏ పూటకాపూట దంచుకోండి. పొయ్యి కట్టేశాక అర చెంచా చల్లి, చెంచాడు నెయ్యి వేసి, 5 నిమిషాలు మూత తీయకండి.