ద్రాక్షారామంలో ద్రాక్షలు ఉండవు

మా అక్క మనవడికి తొమ్మిదేళ్ళు. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చాడు. ద్రాక్షారామం గోపురం దాటామో లేదో, "చిన్నమ్మమ్మా, ద్రాక్షతోట ఎక్కడ?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, గుడి చూడటం అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ పేరు ద్రాక్ష వల్ల రాలేదు, దక్షుడి వల్ల వచ్చింది. పాత శాసనాల్లో దాక్షారామం అనే ఉంటుంది. తర్వాత ఎప్పుడో జనం నోట్లో 'దా' కింద 'ర' వచ్చి చేరింది. ఆరామం అంటే తోట. బౌద్ధ భిక్షువులు ఉండే చోటుని కూడా ఆరామమే అనేవారు, అందుకే ఈ గుడితో కలిపి పంచారామాలనే అయిదు శివాలయాలు ఒకప్పుడు బౌద్ధ స్థలాలనే వాదన ఉంది.

నేను రామచంద్రపురం దగ్గర పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన చుట్టాలందర్నీ ఈ గుడికి తీసుకెళ్ళే డ్యూటీ నాదే. నా మొదటి షరతు ఒక రోజుకి ఒక్క గుడే. కార్తీకంలో పంచారామాల బస్సు ఎక్కితే అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో తిప్పేస్తారు. పుణ్యం వస్తుంది, కాదనను. మా మరిది కుటుంబం అలాగే వెళ్ళొచ్చి, పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా కనిపిస్తాడనే సోమేశ్వరుణ్ణి ద్రాక్షారామంలో చూశామని వాదించారు. ఆయన ఉండేది భీమవరంలో.

కార్తీక సోమవారాలు, శివరాత్రి వదిలేసి మామూలు రోజు పెట్టుకోండి. రాజమండ్రి నుంచైతే మండపేట, రామచంద్రపురం మీదుగా రావాలి. కాకినాడ నుంచి ఇంకా దగ్గర. పొద్దున్నే చేరండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడటంతో ఇంకో లాభం ఉంది, అది కాసేపట్లో చెప్తాను.

రాగానే క్యూలో దూరకండి. ముందు సప్తగోదావరి కోనేటి మెట్ల మీద అయిదు నిమిషాలు కూర్చోండి. ఇక్కడి శివుడు భీమేశ్వరస్వామి అభిషేకానికి సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా తీసుకొచ్చారనీ, వాళ్ళు వచ్చేలోపే సూర్యుడు లింగాన్ని ప్రతిష్ఠించేశాడనీ స్థలపురాణం. కథే కదా అనుకోవద్దు. ఆ ఏడింట్లో ఒకటైన తుల్యభాగ పేరు ఈ చుట్టుపక్కల డ్రెయిన్‌కి ఇప్పటికీ ఉంది. మా రైతులు పొలాలు మునిగినప్పుడల్లా ఆ పేరు తలుచుకుంటారు, భక్తితో మాత్రం కాదు.

ఆ తర్వాత లోపలికి. గర్భగుడి రెండు అంతస్తులు. లింగం అంత పొడవు మరి. కింద చీకటి దారిలో ప్రదక్షిణ చేస్తే లింగం అడుగుభాగం కనిపిస్తుంది, మెట్లెక్కితే పైభాగం. అభిషేకం పైనే జరుగుతుంది. లింగం మీది నల్లటి చారలు పులిచర్మం గుర్తులని చెప్తారు. కింది చీకట్లో ఒకప్పుడు గోడల్లోని రత్నాలే వెలుగిచ్చేవని మా అమ్మ చెప్పేది. పిల్లలకి ఆ కథ సరిగ్గా ఆ చీకట్లోనే చెప్పండి, బయటికొచ్చాక చెప్తే పస ఉండదు. తారకాసురుడి మెడలో లింగాన్ని కుమారస్వామి కొడితే అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందన్న కథ మాత్రం పైఅంతస్తుకి దాచుకోండి.

మాణిక్యాంబ గుడి దగ్గర పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదవమనండి. "మాణిక్యా దక్షవాటికే" అని వస్తుంది, ఆ దక్షవాటిక ఇదే. పదో తరగతిలో 'భిక్ష' పాఠం చదివినవాళ్ళకి వ్యాసుడు గుర్తుండే ఉంటాడు. కాశీలో భిక్ష దొరక్క కోపం తెచ్చుకుని, విశ్వనాథుడు పొమ్మంటే ఆ వ్యాసుడు వచ్చింది ఇక్కడికేనని శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో చెప్పాడు. దీన్ని దక్షిణ కాశి అనడం వెనక ఆ కథ కూడా ఉంది.

దర్శనం అయ్యాక అందరూ బయల్దేరిపోతారు. నా అసలు పని అప్పుడు మొదలవుతుంది. గుడి కట్టించింది తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడంటారు. 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట్లో ఏలినవాడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు ఎవరెవరో వచ్చి ఇక్కడి గోడల మీద, స్తంభాల మీద తాము ఇచ్చింది రాయించుకున్నారు. అలాంటి శాసనాలు వందల్లో ఉన్నాయి.

చదవడం రాదని భయపడకండి, నాకూ పూర్తిగా రాదు. మనియార్డర్ ఫారం గుర్తుందా? శాసనమూ అంతే. ఎవరు, ఎవరికి, ఎంత, ఏ తేదీన. ఎక్కువగా "స్వస్తి శ్రీ" అని మొదలవుతుంది, ముందు ఆ 'శ్రీ'ని పట్టుకోండి. తర్వాత "శకవర్షంబులు" దొరికితే తేదీ దొరికినట్టే. ఆ అంకెకి 78 కలిపితే మన లెక్కలో సంవత్సరం వస్తుంది. శక 1000 అంటే 1078. అప్పటికి మన రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు చోళ సింహాసనం మీద ఉన్నాడు, ఎక్కింది 1070లో. తమిళదేశం ఏలే రాజు పేరు గోదావరి గుడిలో ఏంటని అడిగేవాళ్ళకి చుట్టరికమే జవాబు.

"ఎంత" అన్న చోట డబ్బు కంటే గొర్రెలు ఎక్కువ కనిపిస్తాయి. అఖండ దీపానికి ఏభై గొర్రెలు అని మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ మందని ఒక కాపరికి అప్పగిస్తారు, అతను రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. మంద పెరుగుతూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది. నేను కౌంటర్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి చెప్పిన మాటలే ఇవి. అసలు కదలదు, వడ్డీతో పని జరుగుతుంది. "ఆచంద్రార్కం" అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం, ఆ డిపాజిట్‌కి మెచ్యూరిటీ లేదన్నమాట. చెరిపినవాడికి గంగ ఒడ్డున వెయ్యి ఆవుల్ని చంపిన పాపం తగులుతుందని చివర్లో రాయడం తెలుగు శాసనాల అలవాటు. మా ఆఫీసులో పెనాల్టీ క్లాజు ఇంత ఘాటుగా ఎప్పుడూ రాయలేదు.

"ఆ గొర్రెలు ఇప్పుడు ఎక్కడున్నాయి?" అన్నాడు మావాడు. చెప్పలేకపోయాను.

పొద్దుటి ఎండ సంగతి ఇక్కడే. రాతిమీద వెలుగు పక్కనుంచి పడితే అక్షరాల గాట్లలో నీడ నిలబడి, అక్షరం పైకి తేలుతుంది. నీడపట్టున ఉన్న స్తంభానికి ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. ఎదురుగా పట్టుకుంటే అంతా తెల్లగా అయిపోతుంది. ఫోన్ ఎక్కడిదాకా తీసుకెళ్ళనిస్తారో ముందే అడగండి. విభూతి, సుద్దముక్క మాత్రం రాయకండి. ఒకసారి నేనే అక్షరాలు తెలియాలని విభూతి రుద్దాను. కాపలా ఆయన అందరి ముందూ తిట్టాడు. తిట్టడం న్యాయమే, ఆ పిండి గాట్లలో పేరుకుంటే తర్వాత వచ్చేవాళ్ళు చదవలేరు.

సామర్లకోట ఇంకో రోజుకి ఉంచుకోండి. అక్కడా రెండంతస్తుల గర్భగుడే, కట్టించింది ఆ భీముడే అంటారు. ఇది కళ్ళల్లో ఉండగానే అది చూస్తే రెండింటికీ పోలికలు మీకే దొరుకుతాయి. రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళు తాపేశ్వరంలో మడతకాజాకి ఆగండి. అది తిరిగి వెళ్ళేటప్పుడే, గుడికి వచ్చేటప్పుడు కాదు. ఆ పాకం చేతులతో మావాడు నా శాసనాల నోట్‌బుక్ పట్టుకున్నాడు.