ఇంటి పని మనమే – 3వ పాఠం: పెద్ద టీవీని గోడకు ఎక్కించడం

పోయిన రెండు పాఠాల్లో డ్రిల్ పట్టుకోవడం, బిట్లు గుర్తుపట్టడం చూశాం. ఈసారి 55 అంగుళాల టీవీ. అందరూ ముందు మౌంట్ (టీవీని గోడకు పట్టి ఉంచే ఫ్రేము) కొనుక్కొచ్చి, ఆ తర్వాత గోడ వైపు చూస్తారు. మనం ముందు గోడ సంగతి తేల్చుకుందాం.

మన కడపలో పాత మిద్దెలకు రాయీ మట్టీ కలిపి కట్టిన లావు గోడలుంటాయి. తర్వాత కట్టిన ఇళ్లలో ఇటుకా సిమెంటూ. కొత్త అపార్టుమెంట్లలో ఏఏసీ అనే తెల్లటి తేలిక బ్లాకులు కూడా వాడుతున్నారు. పెయింటు పడ్డాక ఏ గోడ ఏదో కంటికి తెలీదు. అందుకే టీవీ వెనక కనపడని చోట 6 ఎంఎం బిట్‌తో ఒక బెజ్జం వేసి, కింద పాత పేపరు పట్టండి. మొదట రాలేది గార పొడి, దాన్ని వదిలేయండి. అంగుళం దాటాక ఎర్ర పొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడి వస్తూ బిట్ మొరాయిస్తే కాంక్రీటు. బలం పెట్టకుండానే దిగిపోయి మెత్తటి తెల్ల పిండి రాలితే ఏఏసీ. ఒకచోట గట్టిగా తగిలి, పక్కనే సర్రున జారి మట్టి రాలిందా, అది మిద్దె గోడే.

ఇటుకకు, కాంక్రీటుకు మౌంట్‌తో వచ్చే ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం బెజ్జంలో దూర్చే గొట్టాలు) సాధారణంగా చాలు. ప్లగ్గు మొత్తం గార దాటి లోపలికి పోవాలి, గారలో ఆగితే అది టీవీని మొయ్యదు. ఏఏసీకి దానికోసమే చేసిన పొడుగు ప్లగ్గులు అడిగి తెచ్చుకోండి, డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆపేసి బెజ్జం వేయండి.

మట్టి గోడ దగ్గర మాత్రం నేనొకసారి దెబ్బతిన్నాను. ప్రొద్దుటూరులో మా పిన్ని వాళ్ల మిద్దెలో స్క్రూ బిగిస్తుంటే ప్లగ్గు గిర్రున తిరిగి, గుప్పెడు మట్టితో సహా చేతిలోకొచ్చింది. "టీవీ పెట్టమంటే గోడ కూల్చేటట్టుండావే అబ్బీ" అంది పిన్ని. చివరికి టీవీ బల్ల మీదికి, సెట్‌టాప్ బాక్సు పక్కనున్న గూట్లోకి చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అలాంటి గోడకు బల్లో, నేల మీద నిలబడే స్టాండో నయం.

ఇక మౌంట్. టీవీ వెనక నాలుగు స్క్రూ బెజ్జాలుంటాయి. వాటి మధ్య దూరం అడ్డంగా, నిలువుగా మిల్లీమీటర్లలో కొలవండి. 300 × 300, 400 × 300 ఇలా వస్తుంది. దీన్నే వెసా కొలత అంటారు, మౌంట్ డబ్బా మీద ఆ అంకె ఉందో లేదో చూడండి. టీవీ బరువుకు రెట్టింపు మోసేది తీసుకుంటే టెన్షన్ ఉండదు. గోడకు అతుక్కుని ఉండే ఫిక్స్‌డ్ మౌంట్ చూడ్డానికి బాగుంటుంది, కానీ తర్వాత ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ (సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వచ్చేది) పెట్టాలన్నా వెనక చెయ్యి దూరదు. నా ఓటు కాస్త కిందికి వంగే టిల్ట్ మౌంట్‌కే. ముందుకు లాగే చెయ్యి ఉన్న మౌంట్ బయటికి జరిగేకొద్దీ పై స్క్రూల మీద లాగుడు పెరుగుతుంది, ఏఏసీ గోడకు వద్దు.

వైర్ల విషయానికొస్తే, గోడకు గాడి కొట్టి పైపు వేయించేవాళ్లు కరెంటుకు ఒకటి, హెచ్‌డీఎంఐకి ఒకటి విడిగా వేయించండి. హెచ్‌డీఎంఐ ప్లగ్గే దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు, సన్నపైపు వంపులో ఇరుక్కుంటుంది. 40 ఎంఎం పైపు వేసి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు కొత్త కేబుల్ లాగడానికి పనికొస్తుంది. టీవీతో వచ్చిన పవర్ వైరును మాత్రం గోడలో పూడ్చకూడదు, టీవీ వెనకే ఒక ప్లగ్ పాయింట్ పెట్టించుకోవాలి. అద్దె ఇల్లయితే గాడి జోలికి పోకుండా, పైన మూత ఉండే ప్లాస్టిక్ పట్టీ కొట్టి గోడ రంగే వేసేయండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్ పెట్టొద్దు, వైర్లు సాధారణంగా పోయేది ఆ దారినే. ఆ గోడలోని వైర్లకు కరెంటు ఇచ్చే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపి మొదలుపెట్టండి.

వచ్చే పాఠానికి ఒక పని. సోఫాలో కూర్చున్నవాళ్లకు నేల నుంచి కన్ను ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. ఎండాకాలం బండల మీద చాప వేసుకుని చూసే ఇల్లయితే అక్కడా కొలవండి. రెండూ రాసి ఉంచుకోండి, రసమట్టం పెట్టి గీత గీసేది వాటిని బట్టే.