ఒరిగిన చెట్టును వెనక నుంచి తిన్నగా కోయకండి

మళ్లీ తుపాన్ల కాలం వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చిపెట్టినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటల్ని కూల్చేసినప్పుడూ, గాలి తగ్గగానే ఊరూరా మొదలైన పని చెట్లు కోయడమే. ఇప్పుడు మిషను రంపం అద్దెకు కూడా దొరుకుతోంది. మొన్నటి గాలివానకు మా పక్క ఊళ్లో గట్టు మీద ఒరిగిన జామాయిల్ చెట్టును కోస్తూ ఒక కుర్రాడు చనిపోయాడు. చెట్టు అతని మీద పడలేదు, పడాల్సిన వైపే పడింది. మాను నిలువునా చీలి, వెనక సగం ఎగిరొచ్చి అతని ఛాతీని కొట్టింది.

హెల్మెట్, బూట్లు, కళ్లద్దాల గురించి అందరూ చెబుతారు. నేను చెప్పేది ఈ చీలిక గురించి.

ఒరిగిన మానులో వెనక వైపు నారంతా లాగి కట్టిన మోకులా బిగుసుకుని ఉంటుంది. మామూలు చెట్టుకు చేసినట్టే ముందు గంటు పెట్టి వెనక నుంచి కోసుకుంటూ వస్తే, కోత సగం కూడా పూర్తికాక ముందే చెట్టు తన బరువుతో వంగడం మొదలుపెడుతుంది. మిగిలిన చెక్క వంగలేదు, తెగలేదు. పైకి చీలుతుంది. ఆ క్షణంలో రంపం పట్టుకున్న మనిషి సరిగ్గా దాని వెనకే ఉంటాడు. నిలువు నార ఉన్న జామాయిల్, సరుగుడు లాంటి చెట్లతో మరీ జాగ్రత్త.

సరైన పద్ధతి ఇది. వాలు వైపు గంటు చిన్నదిగా పెట్టండి, మాను మందంలో నాలుగో వంతు మించకూడదు. లోతుగా పెడితే బార్ (గొలుసు తిరిగే పొడుగాటి రేకు) ఇరుక్కుంటుంది. తర్వాత వెనక నుంచి కాదు, పక్క నుంచి బార్‌ను మానులోకి గుచ్చండి. గంటు వెనక, మందంలో పదో వంతు చెక్కను పట్టుగా వదలండి. 40 సెంటీమీటర్ల మానుకు అది 4 సెంటీమీటర్లు. అక్కడి నుంచి వెనక్కి కోసుకుంటూ వచ్చి, చివర ఒక బద్ద కోయకుండా ఆపేయండి. ఇప్పుడు చెట్టును పట్టుకుని ఉన్నది ముందు పట్టు, వెనక బద్ద మాత్రమే. రంపం బయటికి తీయండి. చుట్టూ చూడండి, కేక వేయండి. పక్కకు నిలబడి, ఆ బద్దను బయటి నుంచి కాస్త కిందగా కోయండి. చెట్టు ఒక్కసారిగా వెళ్లిపోతుంది, చీలడానికి వ్యవధి ఉండదు.

గుచ్చేటప్పుడు బార్ కొన పైభాగం చెక్కకు తగిలితే రంపం మొహం మీదికి ఎగురుతుంది. కొన కింది భాగంతోనే, ఫుల్ స్పీడులో మొదలుపెట్టాలి. ఇది ముందు నేల మీది దుంగపై నేర్చుకోండి, ఒరిగిన చెట్టు మీద కాదు.

మాను సన్నగా ఉండి గుచ్చడానికి వీల్లేకపోయినా, బార్ కంటే లావుగా ఉన్నా అనుభవమున్నవాళ్లకు వదిలేయండి. వాలుకు ఎదురుగా పడేయాలన్నా అంతే.

పారిపోయే దారి ముందే నరికి శుభ్రం చేసుకోండి, వెనక్కి ఏటవాలుగా. నేరుగా వెనక్కి పరిగెత్తొద్దు, మాను మొదలు అటే తన్నుతుంది.

సాయం వచ్చినవాళ్లు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి.

కోస్తుండగా ట్రాక్టరుతో లాగించొద్దు. ఆ లాగుడు కూడా మానును చీలుస్తుంది. అంటే అదే తప్పు, ఇంకా బలంగా.

వేళ్లతో సహా లేచిన చెట్టయితే ఆ గోతిలో దిగొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు. మాను తెగగానే వేళ్ల గడ్డ వెనక్కి కూర్చుంటుంది.

పక్క చెట్టుకు చిక్కుకున్నదాని కిందికి వెళ్లొద్దు. అది ఆనుకున్న పక్క చెట్టునూ కోయొద్దు.

చీలిక శబ్దం వినగానే రంపం వదిలేసి పక్కకు పరిగెత్తండి. రంపం కోసం ఆగొద్దు.

ఒంటరిగా కోయొద్దు.

"ఇంకొంచెమే కదా" అని వెనక నుంచి తిన్నగా కోయొద్దు. ఎంత చిన్న చెట్టయినా సరే.

చెట్టుకు కరెంటు తీగ తగులుతుంటే 1912కు ఫోన్ చేయండి. ఊరంతా కరెంటు లేదని నమ్మొద్దు, ఎవరి ఇంటి జనరేటరు నుంచైనా వెనక్కి రావచ్చు. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు కరెంటు ఆపేశారన్న అనుమతి) తీసుకుని, తనే వచ్చి చెప్పేదాకా రంపం స్టార్ట్ చేయొద్దు.